సొంత ప్రయత్నం జతపరచవలెను

నీటి సరఫరా కార్యాలయంలో నిర్వహణ విభాగపు హెడ్ గుమాస్తాని అందరూ నిమిత్తం గారనే పిలిచేవారు. ఆయన రాసిన ప్రతి నోటూ "తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అన్న మాటతో ముగిసేది కనుక ఆ పేరు వచ్చింది. ఎదురుగా పిలిచేవాళ్లు చివర "గారు" చేర్చేవారు. చాటుగా పిలిచేవాళ్లు కూడా చేర్చేవారు. ఆయన మీద ఆ ఆఫీసుకి ఉన్న గౌరవానికి ఇంతకంటే కొలత అక్కర్లేదు.

ముప్ఫై ఒక్కేళ్ల ఉద్యోగంలో నిమిత్తం గారు కాగితం మీద సొంత అభిప్రాయం ఒకే ఒక్కసారి రాశారు. చేరిన మూడో నెలలో, వయసు వేడిలో, "ఈ పైపు మార్చవలెను" అని రాశారు. మార్చారు. పగిలింది ఆ పైపు కాదని తరువాత తేలింది. ఆ మూడు మాటలకు నాలుగు నెలలపాటు సంజాయిషీలు ఇచ్చుకున్నారు. ఆ తరువాత కలం అదే, సిరా అదే, వాక్యంలో కర్త మాత్రం మాయమైపోయాడు. "చూశాను" అనవలసిన చోట "కనబడుచున్నది" వచ్చింది. "అనుకుంటున్నాను" అనవలసిన చోట "భావించబడుచున్నది" వచ్చింది. ఒకసారి ఆఫీసు కిటికీ కిందే పెద్ద గొట్టం పగిలి, నీళ్లు గదిలోకొచ్చి, అటెండరు చెప్పులు గుమ్మం దాటి తేలిపోతుంటే, నిమిత్తం గారు కాళ్లు కుర్చీ మీదికి లాక్కుని రాసిన నోటును ఇప్పటికీ కొత్త గుమాస్తాలకు నమూనాగా చూపిస్తారు: "కార్యాలయ ప్రాంగణమునందు నీరు ఉన్నట్లు కనబడుచున్నది. తగు ఉత్తర్వుల నిమిత్తం."

ఇంతటి జాగ్రత్తపరుడికీ ఒక వ్యసనం ఉండేది. అది గణితం. కూడికలూ తీసివేతలూ కాదు. అంకెలు కూడా మొహమాటంగా ఎప్పుడో తొంగిచూసి పోయే ఉన్నత గణితం. ఇరవై ఒకటో ఏట ఎం.ఎస్సీ.లో చేరి, ఉద్యోగం రాగానే మధ్యలో మానేశారు. నలభై ఏడో ఏట దూరవిద్యలో మళ్లీ చేరారు. ఎందుకని అడిగినవాళ్లకు, "అసంపూర్తిగా ఉన్నట్లు కనబడింది" అని జవాబిచ్చారు.

చేరినవాళ్లు ఎనిమిదేళ్లలోగా పది పేపర్లూ ముగించాలని నిబంధన. ఏడేళ్లలో ఎనిమిది ముగిశాయి. అమూర్త బీజగణితం, ఫంక్షనల్ ఎనాలిసిస్ అనే రెండు మిగిలాయి. ఒక్కొక్కటీ రెండేసి సార్లు ఆయన్ని వెనక్కి పంపాయి. ఇప్పుడు ఎనిమిదో ఏడు నడుస్తోంది. పదకొండు వారాల్లో పరీక్షలు. ఈసారి తప్పితే ఆ ఎనిమిది పేపర్లూ లేనట్టే లెక్క. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే, అవి ముగిసేసరికి ఆయనకి అరవై మూడొస్తాయి.

తప్పడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు. సందేహమున్న ప్రశ్నకు ఆయన జవాబు రాసేవారు కాదు, అదీ కారణం. తప్పు రాసి సంతకం పెట్టినట్టవడం కంటే ఖాళీ పేజీ ఎంతో క్షేమమని ఆయన నమ్మకం. ఫంక్షనల్ ఎనాలిసిస్ జవాబు పుస్తకంలో సగం పేజీలు ఉతికి ఆరేసినట్టు తెల్లగా తిరిగి వెళ్లేవి.

చదువంతా భోజన విరామంలో, రికార్డు రూములో సాగేది. రెండు ఇనుప బీరువాల మధ్య ఒక స్టూలు. దానికి కాలు పొట్టిగా ఉన్న వైపు ఒక పాత రిజిస్టరు. పైన గుడ్డి బల్బు, చుట్టూ తాళ్లతో కట్టిన ఫైళ్ల కట్టలు. పాఠ్యపుస్తకంలో కీలకమైన చోటల్లా "నిరూపణ పాఠకునికి వదిలివేయడమైనది" అని ఉండేది. అది చదివినప్పుడల్లా ఆ రచయిత మీద నిమిత్తం గారికి వృత్తిపరమైన గౌరవం, వ్యక్తిగతమైన కోపం కలిసి కలిగేవి. తన పనిని కిందివాడి మీదికి ఎంత నేర్పుగా నెట్టాడు! ఆ కిందివాడు తానే కావడమొక్కటే చిక్కు.

ఇది చూడలేక దారి చూపించినవాడు బావమరిది. అతనికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. ప్రపంచంలో ప్రతి కష్టానికీ సరైన అద్దం ఒకటి ఉంటుందని అతని సిద్ధాంతం.

"బావా, ఇంటర్నెట్లో ఒక చోటుంది. ఎంత పెద్ద లెక్కయినా అడగొచ్చు. తెలిసినవాళ్లు చెబుతారు."

"ఊరికేనా?"

"ఊరికే."

"ఎందుకు చెబుతారట?"

"తెలుసని చూపించుకోడానికి. పొద్దున్నే పేపరు నువ్వు మా అక్కకి చదివి వినిపించవూ? ఆవిడకేదో చదువు రానట్టు! అందుకే."

ఖాతా తెరిచారు. నిమిత్తం గారు మొదటి ప్రశ్నను చిత్తుప్రతి రాసి, దిద్ది, శుద్ధప్రతి తీసి, ఒక్కొక్క అక్షరమే టైపు చేశారు.

"విషయము: అమూర్త బీజగణితము – ఉపసమూహము – సందేహము – నివృత్తి కోరుట – గురించి. అయ్యా, పై విషయమునకు సంబంధించి సవినయముగా మనవి చేయునదేమనగా, సూచిక రెండు గల ప్రతి ఉపసమూహమును అభిలంబ ఉపసమూహమగునని పాఠ్యపుస్తకము డెబ్బై నాలుగవ పుటయందు కనబడుచున్నది. కావున తమరు దయతో పరిశీలించి, నిరూపణ దయచేయవలసినదిగా ప్రార్థన."

పదకొండు నిమిషాల్లో ప్రశ్నను మూసేశారు. కారణం: ప్రశ్నించినవారు తమ ప్రయత్నం చూపలేదు. దాని కింద గొడుగు బొమ్మ పెట్టుకున్న సభ్యుడెవరో ఒక్క ముక్క రాశాడు. "మీరేం ప్రయత్నించారు?"

నిమిత్తం గారి మొహం ఎర్రబడింది. ఆయన అనుభవంలో ఆ రకం ప్రశ్న విచారణాధికారి అడుగుతాడు, పక్కన స్టెనోని కూర్చోబెట్టుకుని.

"నేనే ప్రయత్నించగలిగితే వీళ్లనెందుకు అడుగుతానోయ్?"

"ఏదో ఒకటి రాసెయ్ బావా."

"ఏదో ఒకటి రాయడానికి నేనేమన్నా ఇంజినీర్నా?"

లోపం ఎక్కడుందో ఆయనకు తట్టింది. ఆధారాలు జతపరచలేదు! రెండోసారి అదే ప్రశ్నకు డెబ్బై నాలుగో పుట ఫొటో, పుస్తకం అట్ట ఫొటో, తన ప్రవేశపత్రం ఫొటో, మొదటి ప్రశ్న నకలు చేర్చి, చివర "జతపరచినవి: నాలుగు" అని వేశారు. తొమ్మిది నిమిషాల్లో అదీ మూతపడింది.

మూడోసారి చేసిన పని భూమ్మీద గుమాస్తా తప్ప మరో జీవి చేయదు. జ్ఞాపిక పంపారు. "పై రెండు ప్రశ్నలకు సమాధానము నేటి వరకు అందియుండలేదు. ఇందుమూలముగా మరల గుర్తుచేయడమైనది. సత్వర చర్య గైకొనగలరు."

దాన్ని మూయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. వెంటనే నిర్వాహకుల నుంచి తాఖీదు కూడా వచ్చింది. "మీ మూడు ప్రశ్నలూ మూసివేయబడ్డాయి. మరొకటి కూడా ఇలాగే మూతపడితే ఈ ఖాతా నుంచి ఇకమీదట ప్రశ్నలు అడిగే వీలుండదు." నిమిత్తం గారు దాన్ని మూడుసార్లు చదివారు. విషయం గుండెలో గుచ్చుకున్నా, "మూసివేయబడ్డాయి" అన్న ప్రయోగం మాత్రం ఆయనకు నచ్చింది.

ఈ ఉత్తరప్రత్యుత్తరాలలో ఐదు వారాలు గడిచాయి. ఇంకా ఆరు వారాలే ఉన్నాయి. అడగవలసినవి ముప్ఫై దాకా ఉన్నాయి. అడిగే హక్కు ఒక్క ప్రశ్న అంచున వేలాడుతోంది.

"ఇంకో ఖాతా తెరుద్దాం బావా. అక్క పేరు పెడదాం," అన్నాడు బావమరిది, ఆ సాయంత్రం బాల్కనీలో కూర్చుని.

అక్కగారు ఆసుపత్రిలో మగవాళ్ల వార్డుకు హెడ్ నర్సు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, బకెట్టు వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని ఉంది. "నా పేరా? నలుగురిలో మూసేయించుకోవడానికి నేనేం పాపం చేశానురా?" అంది. తరువాత భర్త వైపు తిరిగింది. "అయినా వాళ్లడిగిందాంట్లో తప్పేముందండీ?"

"ఏముందా? నా తప్పు నా చేతనే రాయించి, పదిమందిలో పెట్టమంటున్నారు."

"మా వార్డులో రోజూ చేసే పనే కదా అది. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చి, 'ఏం చేశారమ్మా ఇప్పటిదాకా?' అంటారు. మేం ఏమీ రాయకుండా, తమరే చూసుకోండి బాబూ అని చేతులు కట్టుకుని నిలబడితే ఆయన ఊరుకుంటారా? ఏ మందు వేశాం, ఎప్పుడు వేశాం, జ్వరం దిగిందా ఎక్కిందా, అన్నీ షీటులో ఉండాలి."

"తప్పు మందు వేస్తేనో?"

"అది అన్నిటికంటే ముందు రాస్తాం. రాయకపోతే ఆయన మళ్లీ అదే వేయమంటారు."

ఇరవై ఆరేళ్ల కాపురంలో భార్య మాట రికార్డు చేయదగినదని నిమిత్తం గారికి తోచడం ఇది రెండోసారి. మొదటిది ఏమిటో ఆమెకి ఇంతవరకూ తెలియదు.

ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద కాగితాలు పరిచారు. ఎంచుకున్న ప్రశ్న ఫంక్షనల్ ఎనాలిసిస్‌లోది. ఏటా పరీక్షలో ఇరవై మార్కులకు వచ్చే సిద్ధాంతం. సామాన్యులకు తెలిసేట్టు చెప్పాలంటే ఇంతే. ఒక గోళం ఉంది, ఒక మంద ప్రమేయాలున్నాయి. గోళంలోని ప్రతి బిందువు దగ్గరా ఆ ప్రమేయాల్లో ఏదీ దాటని హద్దు ఒకటి ఉంది. ఒక్కో బిందువుకీ ఒక్కో హద్దు. గోళమంతటికీ కలిపి ఒకే హద్దు ఉందని చూపించాలి.

ఆయన ప్రయత్నం ఆరు వాక్యాలైంది. భార్య తీసుకుని చదివింది. గణితం ఆమెకు రాదు గానీ, ఇతరులు రాసిన షీట్లలో తప్పులు పట్టడం ముప్ఫై ఏళ్లుగా ఆమె వృత్తి.

"'హద్దులన్నిటిలోకి గరిష్ఠమైనది తీసుకొనబడినది.' ఎవరు తీసుకున్నారు?"

"అంటే... తీసుకోబడింది."

"అదే, ఎవరండీ?"

"ఎవరేమిటే, నేనే."

"మరి 'నేను తీసుకున్నాను' అని రాయడానికేం? దొంగతనం చేశారా?"

నిమిత్తం గారు కలం మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు. కొట్టివేసిన మాట పైన "నేను" అని రాశారు. రెండే అక్షరాలు. అయినా రాసి కాసేపు వాటి వంక అలా చూస్తూ కూర్చున్నారు, చాలాకాలం క్రితం తప్పిపోయిన బంధువెవరో గుమ్మంలో నిలబడినట్టు.

ప్రశ్న వెళ్లింది. అందులో మొదటి మూడు వాక్యాలు ఇవి: "మా కార్యాలయములో పద్నాలుగు విభాగములుండగా, ప్రతి విభాగమునకు ఫైలు ఆపుకొనదగిన గడువు ఒకటి ఉన్నది. వాటిలో అతి పెద్ద గడువే కార్యాలయమంతటికీ గడువు. అటులనే ఇక్కడ బిందువుల హద్దులన్నిటిలోకి గరిష్ఠమైనది నేను తీసుకున్నాను."

పదకొండు నిమిషాలు దాటాయి. మూయలేదు. బావమరిది కూడా వచ్చి, ఫోను చేతిలో పట్టుకుని, నిమిషానికోసారి తెరను వేలితో కిందికి లాగుతూ కూర్చున్నాడు. నలభయ్యో నిమిషంలో గొడుగు బొమ్మ కనిపించింది.

"మీ బిందువులు పద్నాలుగే అయితే మీ నిరూపణ సరైనది. కానీ గోళంలో బిందువులు అనంతం. అనంతంగా హద్దులుంటే వాటిలో అన్నిటికంటే పెద్దది అనేదే ఉండకపోవచ్చు. మూడో వాక్యం తప్పు. పెద్ద హద్దును వెతక్కండి. హద్దు ఒకటికి లోపున్న బిందువులన్నీ ఒక కట్ట కట్టండి. రెండు లోపున్నవన్నీ ఇంకో కట్ట. అలా కడుతూ పోతే గోళమంతా ఆ కట్టల్లోనే ఇమిడిపోవాలి కదా? అప్పుడేమవుతుందో ఆలోచించి, మీ ప్రయత్నం ఇక్కడే రాయండి."

"తప్పన్నాడు బావా," అన్నాడు బావమరిది, పరామర్శకు వచ్చినవాడి గొంతుతో.

"మూడో వాక్యం తప్పన్నాడు. అంటే మొదటి రెండూ ఒప్పేనోయ్!" అన్నారు నిమిత్తం గారు. ముప్ఫై ఒక్కేళ్లలో ఆయన్ని ఎవరైనా తప్పు పట్టి సంజాయిషీ అడక్కుండా వదిలేయడం అదే మొదలు. పైగా తరువాత ఏం చేయాలో చెప్పి మరీ వదిలేశాడు.

సోమవారం భోజన విరామంలో రికార్డు రూములో స్టూలు మీద కూర్చుని చుట్టూ చూశారు. కట్టలు. నెలలోపు తేలినవి, రెండు నెలల్లోపు తేలినవి, మూడు నెలల్లోపు తేలినవి. జీవితమంతా చేసిన పనే. కట్టలన్నీ బొత్తిగా మందమనేది లేనంత పలచనివైతే, ఒకటి, రెండు, మూడని ఎన్ని పేర్చినా సందులూ చిల్లులూ లేని గది నిండదు. గది నిండిందీ అంటే వాటిలో ఒక్క కట్టయినా లావుగా ఉండి తీరాలి. ఆ లావు కట్టను పట్టుకుంటే దాని హద్దుతో గోళమంతటినీ కొలవొచ్చు.

ఆయన లేచి కట్టల మందం జానలతో కొలుస్తూ అరల వెంట నడుస్తుంటే అటెండరు తలుపు తీశాడు.

"ఏ ఫైలు కావాలి సార్?"

"ఏదైనా ఫర్వాలేదోయ్. లావుగా ఉంటే చాలు."

అటెండరు తలుపు మెల్లగా దగ్గరికేసి, ఈ విషయం సెక్షన్లో ఎవరికీ చెప్పకూడదనుకుని, ఇద్దరికి మాత్రమే చెప్పాడు.

రెండో ప్రయత్నంలో ఐదో వాక్యం తప్పని తేలింది. మూడో ప్రయత్నానికి గొడుగాయన "ఇప్పుడు సరి" అని రాశాడు. అంతే, ఇంకేం లేదు. నిమిత్తం గారు ఆ రెండు మాటలను భార్యకు చూపించారు, బావమరిదికి చూపించారు, తరువాత ఒంటరిగా తామే ఇంకోసారి చూసుకున్నారు.

ఆ ఆరు వారాల్లో ఇరవై మూడు ప్రశ్నలు అడిగారు. పదిహేడింటిలో ఆయన ప్రయత్నం తప్పు. ఒక్కటీ మూతపడలేదు. మొదట మూసేసిన ఉపసమూహం ప్రశ్నను కూడా "నేను"తో తిరగరాస్తే తెరిచారు. అందులో ఆయన ఒకచోట గుణకారంలో ముందుదాన్ని వెనక, వెనకదాన్ని ముందు వేశారు. ముళ్లమొక్క బొమ్మ పెట్టుకున్న ఒకావిడ "వరస మార్చారు. ఎవరి అనుమతితో?" అని అడిగింది. అనుమతి లేకుండా తాను ఒక పని చేశానని తెలిసి నిమిత్తం గారు నిర్ఘాంతపోయారు. ఆ తప్పు మళ్లీ చేయలేదు.

ఆఫీసులో ఆయన మారిపోయారని ఎవరూ ఆశపడకూడదు. అక్కడ మూడో వాక్యం తప్పని చెప్పేవాళ్లెవరూ లేరు. మూడో తారీఖులోపు వివరణ ఇమ్మనేవాళ్లే ఉన్నారు. అందుచేత అక్కడ నీరు కనబడుచునే ఉండేది, ఉత్తర్వులు కోరబడుచునే ఉండేవి.

పరీక్ష రోజు వచ్చింది. ఫంక్షనల్ ఎనాలిసిస్‌లో ఐదు ప్రశ్నలు. రెండు బాగా తెలుసు, రెండు సగం సగం తెలుసు. ఐదోది ఏమాత్రం తెలియదు. పూర్వమైతే అక్కడ కలానికి మూతపెట్టి, హాలు టికెట్టు జేబులో పెట్టుకునేవారు. ఈసారి "నేను ఈ శ్రేణిని ఇలా తీసుకున్నాను" అని మొదలుపెట్టారు. నాలుగు వాక్యాలు నడిచాక దారి లేదు. తోటివాళ్లు కాగితాలకు దారాలు కడుతున్నారు. ఇన్విజిలేటరు వరసల మధ్య నడుస్తూ ఐదు నిమిషాలే ఉన్నాయని హెచ్చరిస్తోంది. నిమిత్తం గారు కొంచెం ఆలోచించి ఐదో వాక్యం రాశారు. "ఈ శ్రేణి అభిసరిస్తుందని చూపించవలసి ఉంది గానీ, అది నాకు రాలేదు కనుక ఇక్కడ ఆగిపోయాను." కింద గీత గీసి పుస్తకం అందించారు.

రెండు నెలలకు ఫలితాలొచ్చాయి. అమూర్త బీజగణితం అరవై ఒకటి. ఫంక్షనల్ ఎనాలిసిస్ నలభై మూడు. ప్యాసవడానికి నలభై రావాలి. ప్రశ్నలవారీ పట్టికను బావమరిది దుకాణం నుంచి ప్రత్యేకంగా తెచ్చిన భూతద్దం పెట్టి, అవసరం లేకపోయినా, చదివాడు.

"ఐదో ప్రశ్నకి ఇరవైకి ఆరు! నాలుగు వాక్యాలకి ఆరు మార్కులా బావా?"

"ఐదు వాక్యాలు," అన్నారు నిమిత్తం గారు.

"ఆ ఆరూ లేకపోతే ముప్ఫై ఏడు," అంది భార్య. ఆమెకు రానిదల్లా ఆ ఉన్నత గణితమే. కూడికలు, తీసివేతల్లో ఆమెను మించినవాళ్లు ఆ ఇంట్లో లేరు. "అంటే రాలేదని రాసినందుకే వచ్చిందన్నమాట."

నిమిత్తం గారు పట్టికను మడత పెట్టారు, విప్పారు, మళ్లీ మడత పెట్టారు. ఆ రోజంతా ఇంట్లో ఏ గదిలోకి వెళ్లినా వెంట తీసుకువెళ్లారు. అడిగినవాళ్లకు మాత్రం, "ఉత్తీర్ణత లభించినట్లు కనబడుచున్నది," అన్నారు. మొహం దాచుకోలేకపోయారు. అది ఆ మూల నుంచి ఈ మూలకి నవ్వుతూనే ఉంది.

"హమ్మయ్య, ఇక ఆ ఖాతా మూసేసుకోవచ్చు," అన్నాడు బావమరిది.

ఆ తరువాతి ఆదివారం పొద్దున భార్య డ్యూటీకి తయారై, టోపీకి పిన్ను పెట్టుకుంటూ వచ్చేసరికి, బల్ల నిండా మళ్లీ కాగితాలున్నాయి.

"ప్యాసయ్యారు కదండీ. ఇంకా ఏమిటి?"

"ప్యాసైంది నేను. ఆ ఐదో ప్రశ్నలో శ్రేణి సంగతి తేలలేదు. అది ఒకచోటికి చేరి అభిసరిస్తుందో లేదో తెలియాలా వద్దా? పొద్దున్నే నా ప్రయత్నం పెట్టాను. గొడుగాయన అప్పుడే జవాబిచ్చాడు."

"ఏమన్నాడు?"

"తప్పట," అన్నారు నిమిత్తం గారు, పక్కింటివాళ్లకి కూడా వినిపించేంత ఉత్సాహంగా.

"ఎన్నో వాక్యం?"

"రెండోదే!"

"పోన్లెండి, తొందరగానే దొరికింది. నేనొచ్చేసరికి సర్దేస్తారు," అని ఆమె టీ గ్లాసును కాగితాలకు తగలకుండా బల్ల అంచున పెట్టి, గొళ్లెం చప్పుడు కాకుండా తలుపు వేసుకుని వెళ్లింది.